వాక్యూమ్‌లో పెడితే కౌంట్లు ఎగబాకుతున్నాయి: బెలూన్ కాస్మిక్ కిరణాల డిటెక్టర్‌కి సలహా కావాలి

బెలూన్_బృందం
తిరుపతిలో ఒక కాలేజీ ఫిజిక్స్ విభాగం మాది. లేటెక్స్ బెలూన్‌కి కట్టి 30 కి.మీ. ఎత్తుకు పంపడానికి కాస్మిక్ కిరణాల డిటెక్టర్ తయారు చేశాం. రెండు ఎస్‌బీఎం-20 గైగర్ ట్యూబులు (రేడియేషన్ కణం తగిలినప్పుడల్లా ఒక పల్స్ ఇచ్చేవి) ఒకదాని మీద ఒకటి, రెండింటికీ కలిపి 400 వోల్టులు ఇచ్చే ఒక చిన్న బూస్ట్ కన్వర్టర్ బోర్డు, 100 మైక్రోసెకన్ల లోపల రెండూ పలికితే కోఇన్సిడెన్స్ అని రాసుకునే ఆర్డుయినో. అంతా థర్మోకోల్ డబ్బాలో, బ్యాటరీతో కలిపి కిలో లోపే. బల్ల మీద ఏ ఇబ్బందీ లేదు. ఒక్కో ట్యూబు నిమిషానికి 20-25, కోఇన్సిడెన్స్ రెండో మూడో.

ల్యాబ్‌లో బెల్ జార్, రోటరీ పంపు ఉంటే అందులో పెట్టి గాలి లాగాం. 40 హెక్టోపాస్కల్ పీడనం వరకు (నేల మీద సుమారు 1,000) ఏ తేడా లేదు. 25 దగ్గరికి రాగానే పై ట్యూబు ఛానల్‌లో ఒక్కసారిగా సెకనుకు వందల్లో కౌంట్లు. 12-15కి వచ్చేసరికి కింది ఛానల్ కూడా, కోఇన్సిడెన్స్ కూడా. గాలి వదిలితే మళ్లీ మామూలే.

పిల్లల్లో సగం మందికి సంతోషం, ఎత్తుకు పోయేకొద్దీ పెరగాలి, పెరిగింది అంటున్నారు. మిగతావాళ్లకు నమ్మకం కుదరడం లేదు. బెలూన్ వచ్చేసింది, హీలియం సిలిండర్ బుక్ అయిపోయింది, అందరికీ టెన్షన్‌గా ఉంది. ఎగరేయొచ్చా?

పాకాల_జంక్షన్
వద్దు.

ఫైనల్_ఇయర్_బీటెక్
జార్‌లో గాలి తీసినంత మాత్రాన కాస్మిక్ కిరణాలు ఎట్ల పెరుగుతాయి సార్? జార్ మీద మీ కాలేజీ స్లాబ్ ఉంది, దాని మీద మొత్తం వాతావరణం అట్లనే ఉంది. ట్యూబు పైకి పోలేదు కదా.

మ్యువాన్_అక్క
పై తమ్ముడు చెప్పిందే సగం జవాబు. మిగతా సగం నేను చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మీ బోర్డు మీద 400 వోల్టుల తీగకీ గ్రౌండ్‌కీ మధ్య ఎక్కడో 1 మి.మీ. దాకా సందు ఉండి ఉంటుంది. నేల మీద గాలి ఆ సందులో 3-4 వేల వోల్టుల దాకా తట్టుకుంటుంది, కాబట్టి 400కి ఏమీ కాదు. పీడనం తగ్గేకొద్దీ ఈ తట్టుకునే శక్తి కూడా తగ్గుతూ పోతుంది, ఒక చోట అతి తక్కువకి చేరి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతుంది. దీన్ని పాషెన్ నియమం అంటారు. గాలికి ఆ అతి తక్కువ విలువ సుమారు 330 వోల్టులు. అది ఏ పీడనం దగ్గర వస్తుందన్నది సందు పొడవును బట్టి ఉంటుంది. 1 మి.మీ. సందుకైతే దాదాపు 10 హెక్టోపాస్కల్ దగ్గర. 30 కి.మీ. ఎత్తులో పీడనం ఎంత? సుమారు 12. అంటే మీరు వెళ్లాలనుకుంటున్న ఎత్తులోనే మీ బోర్డుకి అన్నిటికంటే గండం. మీకు 25 దగ్గర మొదలైందంటే లెక్కకి సరిగ్గా సరిపోతోంది, అది సుమారు 25 కి.మీ. ఎత్తు పీడనం.

రెండు ఛానళ్లకీ ఒకటే హై వోల్టేజ్ సప్లై కదా. ఒక చోట డిశ్చార్జ్ అయితే, అంటే గాలిలోంచి కరెంటు దూకితే, సప్లై ఒక్క క్షణం కుంగి, రెండో ఛానల్‌లోనూ పల్స్ కనిపిస్తుంది. అందుకే కోఇన్సిడెన్స్ కూడా పెరిగింది. కోఇన్సిడెన్స్ పెట్టాం కాబట్టి తప్పుడు కౌంట్లు రావు అనే ధీమా ఈ ఒక్క విషయంలో పనికిరాదు.

నాకు భయం వేసేది ఇంకోటి. మీరు వాక్యూమ్ టెస్ట్ చేయకుండా పంపి ఉంటే, 25 కి.మీ. దాటాక కౌంట్లు ఎగబాకిన గ్రాఫ్ చేతికొచ్చేది. చూడ్డానికి చాలా అందంగా ఉండేది. దాన్ని పోస్టర్‌లో వేసేవాళ్లు.

పాకాల_జంక్షన్
అక్క చెప్పింది కరెక్ట్. అసలు గ్రాఫ్ అట్లా ఉండదు కూడా. పైకి పోతూ ఉంటే కౌంట్ పెరిగి ఒక ఎత్తు దగ్గర శిఖరం చేరి ఆ తర్వాత తగ్గాలి. 30 కి.మీ. దగ్గర ఇంకా పెరుగుతూ పోతే అది మీ బోర్డు అరుపు.

హిస్టరీ_పిచ్చి
ఆ శిఖరానికి రెగెనర్-ఫోట్జర్ గరిష్ఠం అని పేరు, 1930లలో జర్మనీలో బెలూన్లతోనే దొరికింది. పై నుంచి వచ్చే ప్రోటాన్ గాలి అణువుని కొట్టి కొత్త కణాలు పుట్టిస్తుంది, అవి ఇంకా పుట్టిస్తాయి. కిందికి వచ్చేకొద్దీ ఈ జల్లు పెరుగుతుంది, తర్వాత గాలే వాటిని మింగేస్తుంది. పుట్టేవీ పోయేవీ సమానమైన చోటే ఆ శిఖరం.

మన ప్రాంతంలో అది 16-18 కి.మీ. మధ్య వస్తుంది. ధ్రువాల వైపు ఇంకొంచెం పైన. కారణం భూమి అయస్కాంత క్షేత్రం. తిరుపతి, హైదరాబాద్ లాంటి చోట్ల నిట్టనిలువుగా లోపలికి రావాలంటే కణానికి సుమారు 17 గిగావోల్టుల రిజిడిటీ (అయస్కాంత క్షేత్రానికి వంగకుండా దూసుకొచ్చే సత్తా) ఉండాలి. అంతకన్నా తక్కువ శక్తివి పక్కకి మళ్లిపోతాయి. శక్తి ఎక్కువున్న కణాల జల్లు గాలిలో ఇంకొంచెం లోతుకు దిగుతుంది. అందుకని యూరప్, అమెరికా కాలేజీల గ్రాఫులు నెట్‌లో చూసి మీ అంకెలు తక్కువొచ్చాయని కంగారు పడకండి, తక్కువే రావాలి.

ఈ తేడా కొలవడానికే మిలికన్, నెహెర్, పికరింగ్ 1939 చివర్లో మన దేశానికి వచ్చి ఆగ్రా, పెషావర్, బెంగళూరుల నుంచి బెలూన్లు ఎగరేశారు. బెంగళూరు మనకు పక్కనే. మీరు కొలవబోయేది ఆ పాత దారిలోదే.

చంద్రగిరి_కోట
అందరూ భయపెడుతున్నారు గానీ నాకు ఒకటి అర్థం కాలేదు. శిఖరం 16-18 కి.మీ.లో ఉంది. డిశ్చార్జ్ 25 కి.మీ.లో మొదలవుతుంది. అయితే 23 వరకు వచ్చిన డేటా తీసుకుని మిగతాది పక్కన పడేస్తే సరిపోదా? హీలియం డబ్బులు ఎవరిస్తారు? సిలిండర్ రేటు ఎంతుందో తెలుసా?

కొర్లగుంట_సర్వీస్
@చంద్రగిరి_కోట అన్నా, ల్యాబ్‌లో 25 దగ్గర మొదలైంది కాబట్టి పైన కూడా 25 దగ్గరే మొదలవ్వాలని రూలేం లేదు. బోర్డు మీద సోల్డర్ ఫ్లక్స్ మరక ఉంటే, దాని మీద మేఘంలోంచి పోయేటప్పుడు తేమ పడితే, ఉపరితలం వెంబడి లీకేజీ మొదలైపోతుంది. అప్పుడు ఇంకా కిందే మొదలవ్వొచ్చు. నేను టీవీలు బాగుచేసే రోజుల నుంచి హై వోల్టేజ్ చూస్తున్నా, ఒకసారి ఆర్క్ కొట్టిన చోట బోర్డు నల్లబడి బొగ్గు దారి పడుతుంది. ఆ తర్వాత అదే దారిన మళ్లీ మళ్లీ కొడుతుంది. పైగా ఇంత చిన్న కన్వర్టర్‌లో ట్రాన్సిస్టర్ పోతే దిగేటప్పుడు డేటా సున్నా.

మ్యువాన్_అక్క
పైగా శిఖరం తర్వాత తగ్గడం కనిపించకపోతే అది శిఖరమేనని ఎట్లా చెప్తారు? 18 నుంచి 30 దాకా నిదానంగా తగ్గే ఆ భాగమే మీ డిటెక్టర్ సరిగా పనిచేసిందనడానికి సాక్ష్యం. దాన్ని పారేస్తానంటే నేను ఒప్పుకోను.

చంద్రగిరి_కోట
సరే, బొగ్గు దారి సంగతి నాకు తట్టలేదు. కానీ ఇంకోటి, రెండు ట్యూబుల కోఇన్సిడెన్స్ అనవసరం అని నా అభిప్రాయం. కొన్ని వందల మీటర్లు దాటితే నేల నుంచి వచ్చే గామా కిరణాలు గాలిలోనే ఆగిపోతాయి. ఆ తర్వాత ఒంటరి ట్యూబులో వచ్చే కౌంట్ దాదాపు అంతా కాస్మిక్కే. ఎక్కువ కౌంట్లు, తక్కువ ఎర్రర్.

మ్యువాన్_అక్క
ఇందులో న్యాయం ఉంది, కాదనను. లెక్క చూద్దాం. బెలూన్ సెకనుకు 5 మీటర్లు ఎక్కుతుంది, అంటే ఒక కిలోమీటరుకి 200 సెకన్లు. నేల మీద కోఇన్సిడెన్స్ నిమిషానికి 2 అనుకుంటే మొదటి కిలోమీటర్లలో ఒక్కోదానికి ఏడో ఎనిమిదో కౌంట్లు. ఎర్రర్ వర్గమూలం, అంటే 35 శాతం పైనే. పైన చాలా రెట్లు పెరుగుతుంది కాబట్టి అక్కడ బాగానే ఉంటుంది.

కానీ ఒంటరి ట్యూబు చెప్పేది ఎన్ని కణాలు తగిలాయనే. ఏ దిక్కు నుంచి అనేది చెప్పదు, గామానా, మ్యువానా (కాస్మిక్ కిరణాల జల్లులో పుట్టి నేల దాకా వచ్చే కణం) అనేది చెప్పదు. ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పినట్టు, రెండు ట్యూబులూ ఒకేసారి పలికితేనే ఒక కణం రెండింటినీ దాటిందని నమ్మగలం. బోతే, కోల్‌హోర్స్టర్ 1929లో ఇట్లాగే రెండు ట్యూబుల మధ్య బంగారపు దిమ్మె పెట్టి, దాన్ని కూడా దాటుకొచ్చే కణాలున్నాయని చూపించారు. రెండూ రికార్డ్ చేయండి. సింగిల్స్ (ఒక్కో ట్యూబు విడి కౌంట్లు) కూడా, కోఇన్సిడెన్స్ కూడా. మెమరీ కార్డుకి బరువేం పెరగదు.

హిస్టరీ_పిచ్చి
సింగిల్స్ ఉంచమనడానికి ఇంకో కారణం. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ 5 కి.మీ. పైకి పోయినప్పుడు, మొదట్లో అయనీకరణం కొంచెం తగ్గింది, ఆ తర్వాతే పెరిగింది. నేల దూరమై తగ్గడం, ఆకాశం దగ్గరై పెరగడం. మీ సింగిల్స్‌లో కూడా ఎగరగానే ఆ చిన్న పల్లం కనిపించాలి. కనిపిస్తే మీ ట్యూబులు ఆరోగ్యంగా ఉన్నట్టే.

కుప్పం_రాళ్లు
మన దగ్గర ఆ పల్లం ఇంకా బాగా కనిపిస్తుంది. మన నేల గ్రానైట్. పొటాషియం-40, యురేనియం, థోరియం అన్నీ దాంట్లో కొద్దికొద్దిగా ఉంటాయి. గ్రానైట్ పరిచిన గదిలో గైగర్ పెడితే కౌంట్ ఎక్కువే చూపిస్తుంది.

చంద్రగిరి_కోట
ఓ, అందుకేనా! మా చుట్టాలబ్బాయి ఒక చిన్న గైగర్ కౌంటర్‌తో అలిపిరిలో కొలిచి, తర్వాత తిరుమలలో కొలిచాడు. కొండ మీద పెరగాల్సింది పోయి కొంచెం తగ్గింది. మెషిన్ పాడైందని వాపస్ చేయబోయాడు.

కుప్పం_రాళ్లు
మెషిన్ బాగానే ఉండి ఉంటుంది. కింద ఉన్నది పాత గ్రానైట్, పైన కొండ క్వార్ట్‌జైట్. ఘాట్ రోడ్డులో ఈ రెండూ కలిసే గీత కనిపిస్తుంది, జియాలజీ వాళ్లు దేశం నలుమూలల నుంచి దాన్ని చూడ్డానికి వస్తారు. క్వార్ట్‌జైట్‌లో ఆ రేడియోధార్మిక మూలకాలు సాధారణంగా తక్కువ. 850 మీటర్ల ఎత్తుకి పెరిగే కాస్మిక్ భాగం కంటే రాయి మారినందువల్ల తగ్గిన భాగం ఎక్కువైతే మొత్తం తగ్గినట్టే కనిపిస్తుంది. ఒంటరి ట్యూబుతో కొండ ఎక్కితే కొలిచేది రాయినే.

మ్యువాన్_అక్క
ఇంత మంచి ఉదాహరణ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. @బెలూన్_బృందం మీ కోఇన్సిడెన్స్ పరీక్షకి ఇదే వాడుకోండి. ట్యూబులు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టి ఒకసారి, పక్కపక్కన పెట్టి ఒకసారి కొలవండి. మ్యువాన్లు ఎక్కువగా పై నుంచి వస్తాయి, పక్కలకి కోసైన్ వర్గంలా తగ్గుతాయి. రెండు అమరికల్లో ఒకటే అంకె వస్తే మీరు లెక్కపెట్టేది మ్యువాన్లని కాదు.

శేషాచలం_నడక
కొండ మీదికి తీసుకెళ్లాలంటే తిరుమల కాకుండా హార్స్‌లీ కొండలకి పోండి. 1,200 మీటర్ల పైనే, కారు పైదాకా పోతుంది. తీగలు, ట్యూబులు ఉన్న డబ్బాతో అలిపిరి చెకింగ్ దగ్గర నిలబడి మ్యువాన్ అంటే ఏమిటో వివరించాలంటే వెనకాల క్యూ ఊరుకోదు.

బెలూన్_బృందం
చాలా మంచి సమాచారం, అందరికీ కృతజ్ఞతలు. పిల్లలతో కూర్చుని అంతా చదివాం. ఒక సందేహం. డిశ్చార్జ్ బోర్డులోనా, లేక ట్యూబు లోపలే ఏదైనా జరుగుతోందా, ఎట్లా తేల్చుకోవాలి?

కొర్లగుంట_సర్వీస్
ట్యూబులు పీకేసి వాటి చోట ఒక్కోదానికి 5 పీకోఫారాడ్ కెపాసిటర్ పెట్టి, మళ్లీ గాలి లాగండి. ట్యూబు లేకుండా కూడా కౌంట్లు వస్తే బోర్డుదే. ఇంకోటి, గదిలో లైట్లన్నీ తీసేసి కాసేపు కళ్లు అలవాటు పడ్డాక చూడండి, ఊదా రంగు మెరుపు కనిపిస్తుంది. ఫోన్ కెమెరా లాంగ్ ఎక్స్‌పోజర్‌లో పెట్టి జార్ బయట నిలబెట్టినా దొరుకుతుంది. జార్‌కి ముఖం ఆనించొద్దు, మధ్యలో మందపాటి అక్రిలిక్ షీటు అడ్డం పెట్టుకోండి. గాజు లోపలికి పగిలితే ప్రమాదం.

ఫైనల్_ఇయర్_బీటెక్
వోల్టేజీ తగ్గిస్తే? ఎస్‌బీఎం-20 ప్లాటో (కౌంట్ నిలకడగా ఉండే వోల్టేజీల పరిధి) 350 నుంచి 475 కదా. 355 దగ్గర నడిపితే?

మ్యువాన్_అక్క
350 అన్నా 330 కంటే ఎక్కువే తమ్ముడూ. ప్లాటో అంచున నడిపితే చలికి సప్లై కొంచెం పడినా ట్యూబు మూగబోతుంది. ఆ దారి వద్దు.

330 కంటే కిందే ఉండాలంటే గైగర్ మానేసి ప్లాస్టిక్ సింటిలేటర్‌కి (కణం తగిలితే మెరిసే పలక) సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ (ఆ మెరుపుని పల్స్‌గా మార్చే చిప్) పెట్టుకోవాలి. దానికి 30 వోల్టుల లోపే చాలు, అసలు డిశ్చార్జ్ బెడదే లేదు. ఎంఐటీ వాళ్ల కాస్మిక్‌వాచ్ డిజైన్ అందరికీ అందుబాటులో ఉంది, 5 సెం.మీ. చదరపు పలక, 1 సెం.మీ. మందం. సముద్ర మట్టంలో చదరపు సెంటీమీటరుకి నిమిషానికి సుమారు ఒక మ్యువాన్ కాబట్టి ఒక్క పలకలో నిమిషానికి పాతిక దాకా. మీ ట్యూబుల జంట కంటే చాలా మెరుగు.

పాకాల_జంక్షన్
దానికీ దాని రోగాలు ఉన్నాయి. సిలికాన్ ఫోటోమల్టిప్లయర్ బ్రేక్‌డౌన్ వోల్టేజ్ (అది పల్సులివ్వడం మొదలుపెట్టే వోల్టేజీ) డిగ్రీకి 20 మిల్లీవోల్టుల చొప్పున జరుగుతుంది. చల్లబడితే తగ్గుతుంది. మీరు ఇచ్చే బయస్ వోల్టేజీ మాత్రం అదే ఉంటుంది. 3 వోల్టులు అదనంగా ఇస్తూ నేల మీద సెట్ చేసుకుని 50 డిగ్రీలు చల్లార్చితే ఆ 3 కాస్తా 4 అవుతుంది, గెయిన్ మూడో వంతు పెరుగుతుంది, త్రెషోల్డ్ దాటే పల్సులు ఎక్కువవుతాయి. మళ్లీ పైన పెరిగినట్టే కనిపిస్తుంది. అదీ తప్పుడు పెరుగుదలే. బయస్‌ని ఉష్ణోగ్రతతో సర్దే సర్క్యూట్ పెట్టాలి, లేదంటే ప్రతి కౌంట్ పక్కన ఉష్ణోగ్రత రాసుకుని ముందే ఫ్రీజర్‌లో తీసిన పట్టికతో దిద్దుకోవాలి. ఏ డిటెక్టర్ తీసుకున్నా నేల మీద పడాల్సిన కష్టం తప్పదు. చేతిలో ఉన్న గైగర్‌నే బాగుచేసుకోండి అంటాను.

మ్యువాన్_అక్క
ఈ బెలూన్ వరకు నేనూ ఒప్పుకుంటాను. తర్వాతి దానికి సింటిలేటర్.

గాలివాటం
చలి మాట వచ్చింది కాబట్టి. మన నెత్తి మీద 16-17 కి.మీ. దగ్గర ట్రోపోపాజ్‌లో (వాతావరణపు కింది పొర పై అంచు) మైనస్ 80 దాకా పోతుంది. ఇక్కడ ఉక్కపోతలో ఉంటూ నమ్మడం కష్టం గానీ, ఉష్ణమండలం పైన ట్రోపోపాజ్ ధ్రువాల దానికంటే చల్లన. సరిగ్గా మీ శిఖరం వచ్చే ఎత్తు అదే. ఆ తర్వాత 30 కి.మీ. దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మైనస్ 40-45కి వస్తుంది. మామూలు ఆల్కలైన్ సెల్స్ ఆ చలికి లేవవు, లిథియం ఏఏ సెల్స్ మైనస్ 40 దాకా పనిచేస్తాయి. డబ్బా లోపల అంత చల్లబడదు, అయినా మైనస్ 30కి సిద్ధంగా ఉండండి.

కొర్లగుంట_సర్వీస్
దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. పైన గాలి పలచన కాబట్టి వేడి పీల్చుకుపోయేది ఉండదు. కింద గోరువెచ్చగా ఉండే రెగ్యులేటర్ వాక్యూమ్‌లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. జార్‌లో పెట్టినప్పుడు దాని మీద ఒక థర్మిస్టర్ అంటించి చూడండి.

డాక్టర్_గోశాల
నేను పశువైద్యం మనిషిని, ఈ చర్చ ఎట్లా దొరికిందో గానీ వదల్లేక చదువుతున్నా. చలి పరీక్షకి చెన్నై నుంచి డ్రై ఐస్ తెప్పించుకునే పని లేదు. మన జిల్లా పాడి జిల్లా, పశువుల ఆసుపత్రుల్లో వీర్యం స్ట్రాలు దాచే లిక్విడ్ నైట్రోజన్ కంటైనర్లు ఉంటాయి. కాలేజీ నుంచి ఉత్తరం పట్టుకుని అడిగితే ఎవరో ఒకరు సాయం చేస్తారు. డిటెక్టర్‌ని ద్రవంలో ముంచొద్దు, అది మైనస్ 196. థర్మోకోల్ పెట్టెలో అడుగున కొంచెం పోసి, పైన జాలీ మీద పెడితే ఆవిరికే కావలసినంత చల్లబడుతుంది. మూసిన గదిలో మాత్రం చేయొద్దు. నైట్రోజన్ నిండితే ఆక్సిజన్ తగ్గిపోతుంది, మనిషికి తెలియకుండానే స్పృహ పోతుంది. వరండాలో చేయండి.

మ్యువాన్_అక్క
డాక్టర్ గారూ, మీలాంటి వాళ్లు చర్చలోకి రావడమే ఈ వేదిక గొప్ప. ఒకటే చేరుస్తాను. చలి నుంచి బయటికి తీసినప్పుడు బోర్డు మీద నీరు పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో సిలికా జెల్‌తో మూసి, గది వేడికి వచ్చాకే తెరవండి. తడి మీద 400 వోల్టులు పెట్టొద్దు.

బెలూన్_బృందం
ఫలితం చెప్తున్నాం. ట్యూబులు తీసి కెపాసిటర్లు పెట్టి గాలి లాగితే 20 దగ్గర మళ్లీ వందల్లో కౌంట్లు. చీకట్లో చూస్తే బూస్ట్ కన్వర్టర్ డయోడ్ కాళ్ల దగ్గర చిన్న ఊదా వెలుగు. పిల్లలందరూ వరసగా వచ్చి చూశారు. బోర్డుదే అని తేలిపోయింది. ప్రయోగం వాయిదా వేశాం, సిలిండర్ కూడా వెనక్కి పెట్టించాం. ఇప్పుడు దీన్ని దేనితో కప్పాలి? ఎం-సీల్? హాట్ గ్లూ?

కొర్లగుంట_సర్వీస్
హాట్ గ్లూ వద్దు, చలికి బిరుసెక్కి ఊడొస్తుంది, లోపల బుడగలు కూడా. ఎం-సీల్ పిండితో మూలమూలలా నింపలేరు. పుల్లని వాసన వచ్చే మామూలు సిలికాన్ సీలెంట్ కూడా వద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆసిడ్ రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్న సిలికాన్ తీసుకోండి. ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ అంతా కడగండి, బ్రష్షుతో రుద్ది. సోల్డర్ ముళ్లలా లేచిన చోట్ల మళ్లీ వేడిచేసి గుండ్రంగా చేయండి, మొనల దగ్గరే ముందు కొడుతుంది. డయోడ్ కాళ్లు కత్తిరించండి. అప్పుడు సిలికాన్ పలచగా పొరలు పొరలుగా వేయండి, ఒక పొర ఆరాక ఇంకోటి. ట్యూబుకి పోయే తీగల కొనలు, క్లిప్పులు కూడా మర్చిపోవద్దు.

మ్యువాన్_అక్క
బుడగ గురించి గట్టిగా చెప్పాలి. లోపల గాలి బుడగ చిక్కుకుంటే, పైకి పోయేకొద్దీ దాంట్లోంచి గాలి మెల్లగా కారిపోయి, ఆ బుడగ లోపలే డిశ్చార్జ్ అవుతుంది. కప్పకపోవడం కంటే అది ఇంకా అన్యాయం, కంటికి కనిపించదు. సిలికాన్ తడిగా ఉన్నప్పుడే జార్‌లో పెట్టి కొద్దిసేపు గాలి లాగితే బుడగలు పైకి వచ్చి పగులుతాయి. ఆరిన తర్వాత పరీక్ష తొందరగా ముగించకండి, 12 దగ్గర గంటల తరబడి ఉంచండి.

చంద్రగిరి_కోట
గాలి చొరబడని డబ్బాలో పెట్టి మామూలు పీడనంలోనే ఉంచితే ఈ గొడవంతా ఉండదు కదా?

పాకాల_జంక్షన్
ఉండదు, కానీ చదరపు సెంటీమీటరుకి కిలో బరువు లోపలి నుంచి తోస్తుంది. 15 సెం.మీ. పొడవు, 10 వెడల్పు మూత మీద 150 కిలోలు. అంత గట్టి డబ్బా బరువు లేటెక్స్ బెలూన్ మోయదు. హైదరాబాద్‌లో టీఐఎఫ్‌ఆర్ వాళ్లు ఎగరేసే పెద్ద పాలిథీన్ బెలూన్లకైతే వందల కిలోలు కట్టొచ్చు, అక్కడ అది మామూలే. అంటార్కిటికాలో 2012 డిసెంబర్‌లో లేచిన సూపర్‌టైగర్ అనే కాస్మిక్ కిరణాల డిటెక్టర్ 55 రోజులు పైనే తిరిగింది. దాని లెక్క వేరు.

ఫైనల్_ఇయర్_బీటెక్
100 మైక్రోసెకన్ల కోఇన్సిడెన్స్ కిటికీ గురించి ఎవరూ అనలేదు. అది ఎక్కువ కాదా?

మ్యువాన్_అక్క
శభాష్. చాలా ఎక్కువ. సంబంధం లేని రెండు కణాలు అనుకోకుండా ఆ కిటికీలో పడే రేటు 2 × కిటికీ × మొదటి రేటు × రెండో రేటు. నేల మీద సెకనుకు 0.4 చొప్పున వేస్తే గంటకి 0.1 కౌంట్, ఎవరికీ కనిపించదు. శిఖరం దగ్గర ఒక్కో ట్యూబు సెకనుకు 30 ఇస్తుందనుకోండి, అదే లెక్క నిమిషానికి దాదాపు 11 దొంగ కౌంట్లు అవుతుంది. రేటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి నేల పరీక్షలో ఇది ఎప్పటికీ దొరకదు, కాగితం మీదే దొరుకుతుంది. కిటికీ 5 మైక్రోసెకన్లు చేస్తే అవే 11 కాస్తా ఇరవయ్యో వంతుకి పడిపోతాయి, అంటే నిమిషానికి 0.5.

పాకాల_జంక్షన్
ఆర్డుయినో ఇంటరప్ట్‌లతో అంత సన్నగా కుదరదు. 74హెచ్‌సీ123 తో రెండు పల్సుల్నీ 5 మైక్రోసెకన్లకి కత్తిరించి, 74హెచ్‌సీ08 ఆండ్ గేట్‌కి ఇవ్వండి. ఆర్డుయినో గేట్ అవుట్‌పుట్ మాత్రం లెక్కపెడితే చాలు. రోసీ 1930లో వాల్వులతో చేసిన పని ఇప్పుడు చిన్న ఐసీ చేస్తుంది.

శేషాచలం_నడక
ఎలక్ట్రానిక్స్ అయిపోతే ఇది ఎక్కడ పడుతుందో కూడా చూసుకోండి. శేషాచలంలో పడితే దొరకడం చాలా కష్టం. లోయలు నిట్టనిలువు, ఎర్రచందనం అడవి, అనుమతి లేకుండా లోపలికి పోతే అటవీ శాఖ వాళ్లు పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. డీఎఫ్‌ఓ ఆఫీసుకి ముందే ఒక ఉత్తరం ఇచ్చి పెట్టుకోండి.

గాలివాటం
అందుకే కాలం చూసుకోవాలి. చలికాలంలో పై గాలి పడమర నుంచి వీస్తుంది, బెలూన్ సముద్రం వైపు పోతుంది, బంగాళాఖాతం మనకి వంద కిలోమీటర్లే. జూలై, ఆగస్టుల్లో కింద గాలి కొంచెం తూర్పుకు తోసినా, పైన 14-16 కి.మీ. దగ్గర తూర్పు జెట్ సెకనుకు 30-40 మీటర్ల వేగంతో పడమటికి లాక్కుపోతుంది. పీలేరు, మదనపల్లె వైపు దిగుతుంది, అక్కడ మెట్ట భూములు, వెతకడం సులువు. చెన్నై నుంచి వాతావరణ శాఖ రోజూ పంపే రేడియోసోండ్ గాలుల డేటా నెట్‌లో దొరుకుతుంది, గాదంకి ఎన్‌ఏఆర్‌ఎల్ (జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల) వాళ్లని కూడా అడగండి, మన ప్రాంతపు గాలి వాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రేణిగుంట ఏటీసీ, డీజీసీఏ అనుమతులు లేకుండా ఒక్క అడుగు కూడా లేపొద్దు, శ్రీహరికోటలో రాకెట్ ఉన్న రోజు అసలే వద్దు.

డాక్టర్_గోశాల
దామలచెరువు మామిడి తోటల్లో పడితే చెప్పండి, వెతకడానికి నేనూ వస్తా. కాయలున్న సీజన్ అయితే ఇంకా ముందే వస్తా.

ఫైనల్_ఇయర్_బీటెక్
జీపీఎస్ గురించి కూడా. యు-బ్లాక్స్ నియో-6ఎం మామూలు మోడ్‌లో 12 కి.మీ. దాటితే స్థానం ఇవ్వడం మానేస్తుంది. ఎయిర్‌బోర్న్ మోడ్‌లో పెడితే 50 కి.మీ. దాకా ఇస్తుంది. పవర్ పోయి వస్తే మళ్లీ పాత మోడ్‌కి పోతుంది, అందుకని ఆర్డుయినో ప్రతిసారీ మొదట్లో ఆ కమాండ్ పంపాలి.

బెలూన్_బృందం
అది మా కోడ్‌లో ఉంది. ఎత్తుకి రెండో ఆధారంగా బీఎంపీ280 ప్రెషర్ సెన్సర్ కూడా పెట్టాం.

పాకాల_జంక్షన్
బీఎంపీ280 300 హెక్టోపాస్కల్ వరకే, అంటే 9 కి.మీ. మీ కథ మొదలయ్యేదే ఆ పైన. ఎంఎస్5611 పెట్టండి, 10 దాకా కొలుస్తుంది. కాస్మిక్ కిరణాల గ్రాఫ్‌కి ఎత్తు కంటే పీడనమే అసలు కొలత, కణం ఎంత గాలి దాటి వచ్చిందో చెప్పేది అదే.

బెలూన్_బృందం
తీసుకుంటాం. కడిగి, కాళ్లు కత్తిరించి, సిలికాన్ వేసిన తర్వాత 12 హెక్టోపాస్కల్ దగ్గర రాత్రంతా ఉంచాం. కౌంట్ బల్ల మీద ఉన్నంతే, నిమిషానికి 20-25, కోఇన్సిడెన్స్ కూడా అంతే. గేట్ సర్క్యూట్ పిల్లలు వేస్తున్నారు, తర్వాత వరండాలో నైట్రోజన్ పరీక్ష. కప్పిన సిలికాన్ చలికి పగిలి, పైన మళ్లీ డిశ్చార్జ్ మొదలైతే డేటాలో దాన్ని ఎట్లా గుర్తుపట్టాలన్నదే మిగిలిన ప్రశ్న.

మ్యువాన్_అక్క
మూడో ఛానల్ ఒకటి పెట్టండి, ట్యూబు లేకుండా. అదే హై వోల్టేజ్, అదే రకం యాంప్లిఫయర్, అదే తీగ పొడవు, ట్యూబు బదులు కెపాసిటర్. ఆ ఛానల్ ప్రయాణమంతా సున్నా చూపించాలి. అది పలికిన ప్రతి నిమిషాన్నీ మిగతా రెండు ఛానళ్లలో కూడా కొట్టేయండి. బరువు కొన్ని గ్రాములే, కానీ గ్రాఫ్ చూపించినప్పుడు ఎవరు అడిగినా జవాబు చేతిలో ఉంటుంది.

ఫైనల్_ఇయర్_బీటెక్
ఆ కెపాసిటర్ కూడా 5 పీకోఫారాడేనా? దానికీ సిలికాన్ వేయాలా?

కొర్లగుంట_సర్వీస్
అవును, ఎస్‌బీఎం-20 కెపాసిటెన్స్ 4 పీకోఫారాడ్ పైచిలుకు, 5 సరిపోతుంది. 1 కిలోవోల్ట్ రేటింగ్ ఉన్న సిరామిక్ డిస్క్ తీసుకోండి. సిలికాన్ మిగతా రెండింటికీ ఎంత మందం వేశారో దానికీ అంతే, అదే డబ్బాలోంచి, అదే రోజు.